అక్క బర్రె అమ్ముడుపోయిన ఏడాది

మా బంధువుల్లో పెళ్లి అయినా, పుట్టినరోజు ప్రార్థన అయినా, అన్నాల దగ్గర కూర్చోగానే ఎవరో ఒకరు అక్క బర్రె సంగతి ఎత్తుతారు. "తమ్ముడు పైసా ఇయ్యకపాయె, బర్రె పాయె" అని ఒక్క ముక్కలో తేల్చేసి పప్పుచారు పోయమంటారు. అసలేం జరిగిందని నన్ను అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరు లేరు. చెప్పబోతే సరిగ్గా అప్పుడే ఎవరికో మంచినీళ్లు కావలసి వస్తాయి. కాగితం మీదైతే ఎవరూ అడ్డు రారు కాబట్టి రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను వైరాలో జూనియర్ కాలేజీ ల్యాబ్ అటెండర్‌ని. కిరాయి ఇల్లు, రెండు గదులు. జీతం రాగానే మా ఆవిడ పాత పాలపొడి డబ్బాలు వరసగా పెట్టి డబ్బు పంచేది. కిరాయిది ఒకటి, బియ్యానిది ఒకటి, దవాఖానాది ఒకటి. చివరిది చందాల డబ్బా. పెళ్లి కట్నాలైనా చర్చి కానుకలైనా అందులోంచే. ఒక డబ్బా ఖాళీ అయితే ఇంకో డబ్బా మూత తీసేది కాదు. టీ పొడి అయిపోయిన నెలాఖరులో శొంఠి నీళ్లు తాగాం. ఆ ఘాటు ఇప్పటికీ ఇష్టమే. అప్పుడు మేము ఎవరికీ బాకీ లేము.

అక్కావాళ్లది భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఊరు. బావ కౌలుకు పత్తి, మిర్చి వేసేవాడు. అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఒక బర్రెను కొని, పాలు పోసి ఆ అప్పు తీర్చేసింది. అప్పటి నుంచి పాల డబ్బులు ఆమెవి. నేను వెళ్తే స్టీలు గ్లాసు నిండా చిక్కటి టీ ఇచ్చేది. బస్సుకు బయల్దేరేటప్పుడు సంచిలో నెయ్యి సీసా పెట్టి, "బావకు చెప్పకు తమ్మీ" అనేది. గేటు దగ్గర నిలబడి ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న దర్జా ఆ తర్వాత నేను చూడలేదు.

వాళ్ల చర్చిలో ఏటా కోతల పండుగ జరిగేది. పండిన దానిలో మొదటిది తెచ్చి దేవుని ముందు పెట్టాలి. లోపలి పల్లెల నుంచి వచ్చే కోయ కుటుంబాలు చింతపండు, తేనె తెచ్చేవి. పెంకుల కప్పు కింద వడ్ల వాసన, కాళ్లు కట్టిన కోళ్ల అరుపులు, వాటి మధ్యే ప్రసంగం. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలంపాట. పాడినవాళ్లు అప్పటికప్పుడు కట్టనక్కర్లేదు, క్రిస్మస్ లోపల కడితే చాలు. అదే కొంప ముంచింది.

ఆ ఏడు పండుగకు నేనూ వెళ్లాను. అక్క తన పందిరికి కాసిన గుమ్మడికాయ తెచ్చింది. సరదాగా నేను పాట మొదలుపెట్టాను. చందాల డబ్బాలో మూడు వందలే ఉన్నాయి, మూడు వందల దగ్గర ఆగాను. కొత్తగూడెం గనుల్లో పనిచేసే ఆ ఊరి మనిషి ఒకతను పాట పెంచాడు. అతని మీద పంతంతో బావ ఇంకా పెంచాడు. మైకు అందుకుని, "మా బామ్మర్ది ఎంగిలి చేత్తోటి కాకిని గూడ కొట్టడు. దేవునికి గూడ లెక్కవెట్టే ఇస్తడు!" అన్నాడు. చర్చి మొత్తం నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వారు, నేను చూశాను. మూడు వేల దగ్గర పాట బావకు ఖాయమైంది.

అక్క నా పక్కకు వచ్చి, "మన పందిరి కాయే తమ్మీ, మనమే కొనుక్కున్నం" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

క్రిస్మస్ దగ్గరపడింది, పత్తికి ధర లేదు. బావ రోజువారీ ఫైనాన్సుకు పోయాడు. మూడు వేలకు పోయినవాడు, ఎలాగూ తీసుకుంటున్నాం కదా, పురుగు మందులకూ పనికొస్తుందని పది వేలు రాయించుకున్నాడు. వాళ్లు వడ్డీ ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకో వంద చొప్పున పది వేలూ వసూలు చేస్తారు. రోజూ డబ్బు వచ్చే కిరాణా కొట్టుకైతే అది సరిపోతుంది. ఏడాదికోసారి డబ్బు చూసే రైతుకు రోజుకో వంద ఎక్కడిది? అది కట్టడానికి ఇంకో ఫైనాన్సులో తెచ్చాడు.

ఒక ఆదివారం నాకు కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి అక్క పాలు పోయడానికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

"ఓ అయిదు వేలు సర్దు బామ్మర్దీ. మిర్చి దిగంగనే ఇస్త."

"ఏం జేస్తవ్ బావా వాటితోటి?"

"పాత ఫైనాన్సోని మొఖాన కొడ్త."

"మరి కొత్తోనికి?"

"గది నీకెందుకు?"

"బండి అమ్ము బావా" అన్నాను. పోయినేటి మిర్చి డబ్బుతో కొన్న మోటారుసైకిల్ వాకిట్లోనే ఉంది. "బండి పైసలతోటి ఒకటి మూసెయ్. రెండోదానికి అక్క సంఘంల రూపాయి వడ్డీకి తీసుకుందాం, పాల పైసలతో తీరుతది. ఏ నెలన్న కిస్తీ తప్పితే నేను కడత. బర్రె జోలికి మాత్రం పోకు."

"బండి అమ్మి చర్చికి నడుసుకుంట పోవాల్నా? నలుగురు ఏమంటరు? సీసాలు కడిగేటోడివి, నాకు లెక్కలు చెప్పొచ్చినవ్. ఇస్తే ఇయ్యి, లేకుంటే జల్దీ బస్సెక్కు."

బస్సెక్కాను. టీ కూడా తాగలేదు.

తర్వాతి సంతకు బర్రెను తోలేశాడు. అక్క ఫోను బూత్ నుంచి కాలేజీకి ఫోన్ చేసింది. "కొనుక్కున్నోళ్లు తోలుకపోయిండ్రు తమ్మీ. తాడు పట్టుకుంటే ఇడిపిచ్చిండు మీ బావ. నువ్వు ఇయ్యనన్నవంట గదా." నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది.

ఆ ఎండాకాలం నుంచి అక్క ఒకరి చేలల్లో మిరపకాయలు ఏరడానికి కూలికి పోయింది. వేళ్లు మండుతాయని రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకునేది, అదీ కొన్న మజ్జిగలో. ఆ మోటారుసైకిల్ మీద బావ ఇంకా చాలా ఏళ్లు తిరిగాడు. నేను వెళ్తే అక్క అన్నం పెడుతుంది, బాగోగులు అడుగుతుంది. నెయ్యి సీసా లేకపోయినందుకు నాకు బాధ లేదు. గేటు దాకా రావడం మానేసింది.

బావా, ఇది నీకే రాస్తున్నాను. ఆ ఆదివారం మనిద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు, కాబట్టి నేను చెబితే అక్క నమ్మాల్సిన పని లేదు. నువ్వే చెప్పాలి. బండి అమ్ము, బర్రెను ఉంచు, కిస్తీ తప్పితే నేను కడత అన్నానా, లేదా? అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెవిన పడేలా జవాబు చెప్పు.