కింది ముడి

మా ఆయన ముప్పై ఏళ్లుగా కోళ్ల దొడ్లకు పైన ఇనుప వల కప్పుతున్నాడు. చుట్టూ గోడ కట్టేవాళ్లు, తలుపు బిగించేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. నడినెత్తిన ఎండ పెట్టుకుని, అడ్డగొట్టాల మీద పలక వేసుకు కూర్చుని, జానెడుకో ముడి వేస్తూ వెనక్కి జరిగేవాడు దొరకడు. ఆ పిచ్చి మా ఇంటికే పట్టింది. ఆయన పైన, మా తమ్ముడు కింద, నేనో పక్కన కట్టుతీగ ముక్కలు కత్తిరిస్తూ. కింది మనిషి తీగను గొట్టం చుట్టూ తిప్పి రెండు కొసలూ వల కన్నాల్లోంచి పైకి పంపుతాడు. పై మనిషి పట్టకారుతో మెలిపెడతాడు. చెప్పడానికి ఇంతే. చేసేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

నిరుడు చలికాలం నుంచి ఆయన వేళ్లు మాట వినడం మానేశాయి. చొక్కా గుండీలు కూడా నన్నే పెట్టమంటాడు, తనకు తొందరట. తొందరా లేదు, పాడూ లేదు. ముడి సగం తిరిగేసరికి పట్టు జారుతుంది. ఆయన చూసీ చూడనట్టు పక్కదానికి జరుగుతాడు. వదులు ముడి గాలికి విడిపోతే వల కుంగుతుంది, గద్ద దూరుతుంది. అందుకని మధ్యాహ్నం తిన్నాక ఆయన గురక పెడుతుంటే మా తమ్ముడు స్టూలెక్కి, ప్రతి ముడి పక్కనా కిందనుంచి ఇంకోటి బిగిస్తాడు. వాడికీ మోకాళ్లు అంతంతమాత్రమే. నన్ను నోరెత్తొద్దన్నాడు.

"తెలిస్తే దిగిపోతాడక్కా. దిగితే ఇక మంచం పట్టడమే" అన్నాడు.

ఏడాదిగా ఆ మాట మింగి ఆయన పక్కన తిరగడం నాకు తీగ కత్తిరించడం కన్నా అలుపు.

మొన్న ఒక పెద్దావిడ కోళ్ల దొడ్డి కప్పడానికి వెళ్లాం. గద్దలు వారానికి రెండు కోళ్లను ఎత్తుకుపోతున్నాయట. రెండోరోజు ఆయన మధ్యాహ్నం కునుకు తీసి మళ్లీ పైకెక్కేసరికి నాలుగు వరసలే మిగిలాయి. తమ్ముడు నీళ్లకు వెళ్లాడు. పలక జరుపుతుంటే ఆయన చేతిలోంచి పట్టకారు ఇంకా కట్టని వల అంచు పక్కనుంచి జారి దొడ్డిలో పడింది. నన్ను పిలవొచ్చు. పిలవలేదు. ఈమధ్య ఏది జారినా మా కంట పడకుండా తనే దిగి తెచ్చుకుంటున్నాడు. లోపలికి వంగి వెళ్లి, పట్టకారు తీసుకుని, నడుం సాగదీయడానికి తలెత్తాడు. అలాగే ఉండిపోయాడు.

ప్రతిచోటా రెండు ముళ్లు. కొసలు పైకున్నది వదులు, కొసలు కిందికున్నది బిగువు. చెయ్యి బారచాచి ఒకదాన్ని వేలికొనతో కదిపాడు. తర్వాత దాని పక్కదాన్ని. అలా వరసంతా కదుపుతూ వెళ్లాడు. కోళ్లు ఆయన కాళ్లకు అడ్డం తిరుగుతున్నాయి. నావైపు తిరిగాడు.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"నిరుటి నుంచి."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తమ్ముడు బిందెతో వచ్చి మా మొహాలు చూసి, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. ఆయన పట్టకారు వాడి చేతిలో పెట్టి నిచ్చెనవైపు చూపించాడు. వాడు నావైపు చూశాడు. తీగ ముక్కల కట్ట ఆయనకు అందించాను. మిగిలిన నాలుగు వరసలకూ ఆయన కిందనుంచి కొసలు పంపాడు, వాడు పైనుంచి మెలిపెట్టాడు. ఆయన వేళ్లు పట్టు తప్పి కొస జారినప్పుడల్లా వాడు తొందరపెట్టకుండా ఆగాడు.

సాయంత్రం పెద్దావిడ వచ్చి తలెత్తి చూసింది. మేస్త్రి చేతి పని కాబట్టి ఇక తనకు బెంగ లేదంది. అలాంటి మాటకు ఆయన మీసం దువ్వుకుంటాడని నాకు తెలుసు. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాది కాదమ్మా. వల ఆగిందంటే మా బావమరిది ముళ్ల వల్లే. ఏడాదిగా వాడే కడుతున్నాడు" అన్నాడు.

తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. లేచే ఓపిక లేక కిందపడ్డ తీగ ముక్కలు ఏరుతూ అక్కడే కూర్చున్నాను.