మోచేతి ఎత్తు

వీధిలో అందరికీ ఆయన కరెంటు బాబాయి. నలభై ఏళ్ళు ఇళ్ళకి వైరింగు చేశాడు. ఆయనకో పద్ధతి ఉండేది. స్విచ్చుబోర్డు ఎక్కడ పెట్టాలో ఇంటాయన్ని అడిగేవాడు కాదు, ఇంటావిణ్ణి పిలిచేవాడు. "ఒక్కసారి గోడవారగా నిలబడమ్మా" అని, చెవి మీది పెన్సిలు తీసి ఆవిడ మోచేతి ఎత్తులో గీత గీసేవాడు. తాపీ మేస్త్రీలు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. రెండు చేతుల్లో సామానున్న మనిషి మోచేత్తోనే లైటు వేసుకోగలగాలి, అదీ ఆయన లెక్క.

సొంతిల్లు కట్టుకున్నప్పుడు భార్యని నిలబెట్టి గీత గీశాడు. వంటింటికీ పడగ్గదికీ మధ్య కిటికీ లేని నడవ ఉంది. పట్టపగలు కూడా చీకటే, పైగా మధ్యలో రెండు మెట్లు దిగాలి. మెట్లకి ఇవతల ఆవిడ మోచేతికి అందేలా నల్ల స్విచ్చు బిగించాడు. చాలా ఏళ్ళ తరవాత ఆవిడ చూపు తగ్గడం మొదలైంది. మంచి వెలుతురుంటే అన్ని పనులూ చేసుకుంటుంది, మసకలో మాత్రం ఏమీ కనబడదు. అయినా చెయ్యి పట్టుకోమని ఒక్కర్నీ అడిగి ఎరగదు. నడవలోకి రాగానే మోచెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి వెళ్ళేది. టక్కుమని చప్పుడయ్యేది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయేది.

ఇంటికి రంగులు వేయించినప్పుడు కొడుకు ఆ బోర్డు పెట్టెతో సహా పీకించేశాడు. మంచివాడే, కాకపోతే కొత్త వస్తువు కనబడితే ఒళ్ళు మరిచిపోతాడు.

"స్మార్ట్ స్విచ్చు నాన్నా. వైరు అక్కర్లేదు, గోడకి అంటిస్తే చాలు. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. ఫోన్లోంచి కూడా లైటు వేసుకోవచ్చు."

"మీ అమ్మ నడవలో లైటు వేసుకోడానికి ముందు ఫోను వెతుక్కోవాలా?"

"నువ్వు అన్నిటికీ వంకలే పెడతావు."

పాత గుంతని లప్పంతో పూడ్చేశారు. తన నలభై ఏళ్ళ పనినే పూడ్చేసినట్టనిపించింది ఆయనకి.

అక్కణ్ణుంచి మొదలైంది భాగోతం. ఆ స్విచ్చు నొక్కితే చప్పుడవదు. లైటు కాసేపు ఆలోచించుకుని గానీ వెలగదు. ఈలోగా స్విచ్చు పడలేదేమోనని ఆవిడ మళ్ళీ నొక్కేది, అది వెలిగి వెంటనే ఆరిపోయేది. ఒకరోజు స్విచ్చు గోడ నుంచి ఊడి బట్టల బుట్టలో తేలింది. కొడుకు దాన్ని మళ్ళీ అంటించాడు, ఈసారి జానెడు పైకి. ఆవిడ గోడ తడుముకోవడం నేర్చుకుంది. "ఎవరైనా కాస్త లైటు వేస్తారా?" అని పిలవడమూ నేర్చుకుంది. ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి అలా పిలిచినప్పుడల్లా ఆయన పళ్ళు నూరుకునేవాడు.

మూడో నెలలో స్విచ్చు మీద ఎర్రచుక్క వెలిగి ఆరడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోవస్తోందన్నమాట. ఆ పూటే కొట్టుకి వెళ్ళి చొక్కా బొత్తామంత బ్యాటరీ కొని జేబులో వేసుకొచ్చాడు. నడవ దాకా వెళ్ళి ఆగిపోయాడు. నేనెందుకు వెయ్యాలి? పెట్టినవాడు చూసుకోడా? నేను వేసేస్తే, బ్రహ్మాండంగా పనిచేస్తోంది చూశావా అని రేపు నాకే చెబుతాడు. ఆగిపోనీ. ఒక్కరోజు ఇల్లంతా తడుముకుంటే వాడికే తెలిసొస్తుంది.

ఇల్లంతా అనుకున్నాడు గానీ, ఆ నడవలో తడుముకునేదెవరో ఆయనకి తెలియదా? బాగా తెలుసు. తెలిసీ పంతం పట్టాడు. మర్నాడు ఆ బ్యాటరీ తన బల్ల మీద కనబడితే తనే అక్కడ పెట్టుంటాననుకుని వదిలేశాడు. నాలుగు రోజులు ఆ ఎర్రచుక్క పక్కనుంచే అటూ ఇటూ తిరిగాడు.

అయిదో రోజు పొద్దున్న కొడుకు ఆఫీసుకి వెళ్ళాడు. ఈయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. లోపల్నుంచి పెద్ద చప్పుడైంది. వెళ్ళేసరికి నడవలో లైటు లేదు, స్విచ్చు మీద ఎర్రచుక్కా లేదు. ఆవిడ మెట్ల కింద పడి ఉంది, చుట్టూ మడతపెట్టిన బట్టలు చెల్లాచెదురుగా ఉన్నాయి. కుడి మణికట్టు విరిగింది.

ఆస్పత్రిలో కొడుకు తల దించుకున్నాడు. "తప్పు నాదే నాన్నా. బ్యాటరీ అయిపోతోందని ఫోన్లో వస్తూనే ఉంది. తర్వాత చూద్దామనుకున్నాను."

తప్పు నాదే అనే మాట కోసమే గదా ఆయన ఇన్నాళ్ళూ కాచుక్కూర్చుంది. తీరా అది వచ్చాక కొడుకు మొహంలోకి చూడలేకపోయాడు. "పోనీలేరా" అన్నాడు. తన బల్ల మీద ఏముందో చెప్పలేదు.

ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడు ఉలీ సుత్తీ తీశాడు. కొడుకు అడ్డు చెప్పలేదు. ఇన్నేళ్ళలో మనిషి కాస్త కుంగింది, కొలత మళ్ళీ తియ్యాలి. "ఒక్కసారి గోడవారగా నిలబడు" అన్నాడు. కట్టు కట్టిన చెయ్యి మెడపట్టీలో వేలాడుతుంటే ఆవిడ వచ్చి, రెండో మోచెయ్యి గోడకి ఆనించి నిలబడింది. ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు.

"మీ నీలం చొక్కా ఉతికేముందు జేబులు చూశాను" అంది ఆవిడ. "బ్యాటరీ దొరికితే తీసి మీ బల్ల మీద పెట్టాను."

ఆయన పెన్సిలు ఆవిడ మోచేతి దగ్గరికి తెచ్చాడు.

"స్విచ్చులో వేసేసి ఉంటారు కదా అనుకున్నాను. అందుకే ఆ రోజు ఎవర్నీ పిలవలేదు, లైటు వెలుగుతుందిలే అని నొక్కి అడుగేశాను."

పెన్సిలు గోడకి ఆనింది గానీ గీత పడలేదు. 

"త్వరగా గీయండి" అంది ఆవిడ. "ఎక్కువసేపు నిలబడలేను."