పెద్ద బండి దీపమూ, అత్తగారి వక్కల కత్తీ

ఆ కబురు ముందుగా తెచ్చింది మా ఆడపడుచు. గుడి నుంచి వస్తూ వస్తూ, విభూతి పొట్లం ఇంకా చేతిలోనే ఉండగా వాకిట్లో నిలబడి, "వదినె, మావాడు మా అన్న పెద్ద బండిని పంపుసెట్టు కొట్టంలోనించి ఈడ్చుకొని వచ్చి, పాత తీగలన్నీ పీకి సేమియా మాదిరి కింద పోసి ఉండాడు, వచ్చి చూడు" అంది. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పనిచేసే మా మేనల్లుడు ప్రతి ఆదివారం కోయంబత్తూరు వచ్చి, ఆ మోటారు సైకిలు చట్రానికి మెరిసే నల్లరంగు వేయించి, కొత్త తీగలు లాగి, మూడు వారాలుగా దానితో కుస్తీ పడుతున్నాడట. దీపం మాత్రం వెలగదట. ఆ మాట వినగానే నాకు నీరసం ముంచుకొచ్చింది. దేవుడు ఒక్క జన్మలోనే ఈ విసుగును నాకు రెండోసారి చూపిస్తాడని అనుకోలేదు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అంత పెద్ద బండి వీధిలోకి వస్తే గడపలన్నీ తొంగి చూసేవి. కొండమీద ఎస్టేటులో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన దూరప్రయాణాలకు వాడుకున్న ఆ బండిని, రెండు పక్కలా పెట్టెలతో సహా, మా ఆయన కొనుక్కొచ్చారు. అప్పటికే దాని తీగలను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా నాయనకు కంటి ఆపరేషన్ అయింది. బడి మెట్లు ఎక్కని నాకు ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పిన కళ్ళు అవి. చూపు తిరిగి వస్తే పళని మురుగన్ కొండ ఎక్కుతానని మొక్కుకున్నాను, స్వామి దయవల్ల చూపు వచ్చింది. ఇక వెళ్ళి దండం పెట్టుకోవడమే మిగిలింది. పళని బస్సు మా వీధి చివరనే ఆగేది. మా ఆయన వింటేగా! "మొక్కు నీది, బండి నాది, రెండూ ఒక్కటిగా తీరుస్తాము, కొంచెం ఓపిక పట్టు" అన్నారు.

ఆ కొంచెం ఓపిక రెండు నెలలు సాగింది. పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టే ఇల్లు మాది, కరెంటు గురించి మాకు ఒకరు చెప్పేదేముంది అన్న ధీమా మా ఆయనది. మోటారులో కరెంటు పైఇనుముకు తగిలితే తోటలో నీళ్ళు కట్టే మనిషి ప్రాణం పోయినట్టే కాబట్టి, ఇనుముకు కరెంటు తాకనివ్వకపోవడమే ఆయన నేర్చిన మొదటి పాఠం. ఆ పాఠాన్నే బండికీ అప్పజెప్పారు. చట్రమంతా దట్టంగా రంగు పూసి, ప్రతి దీపం కింద రబ్బరు బిళ్ళ పెట్టి, పోయిన కరెంటంతా బ్యాటరీకి తిరిగి రావడానికి ఒకే ఒక్క సన్నని తీగ వేశారు. ఇక చూడండి నా అవస్థ. హారన్ నొక్కితే ముందు దీపం కళ్ళు మూసుకునేది. ఎడమ పక్క ఇండికేటరు వేస్తే వెనక ఎర్రదీపం కూడా దానితో కన్ను కొట్టేది. తాళం తిప్పి, కిక్కు కొట్టి, ఇంజను పలికిందని నేను స్వామికి దండం పెట్టేలోగా దీపం వేసేవారు, ఇంజను ఆగిపోయేది. నేను కొంగున ముడి వేసుకున్న మొక్కు రూపాయి ఎన్నిసార్లు చీర మారిందో లెక్కలేదు. పక్కింటి వాళ్ళు, "ఏమ్మా, మురుగన్ మీ ఇంటికే వచ్చేస్తాడా ఏమి?" అని ఎగతాళి చేసేవారు.

చివరికి ఒక సాయంత్రం, ట్యాంకు కింద చీకటిగా ఉందని మా అత్తగారిని టార్చి పట్టుకోమన్నారు. ఆమె రేకు టార్చి రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. ఆమె చిన్నబుచ్చుకోకుండా అడుగుమూత తిప్పి తీసి, తమలపాకుల సంచిలోంచి వక్కలు చీల్చే చిన్న కత్తి తీసి, మూత అంచున తుప్పు గీకి మళ్ళీ బిగించారు. టార్చి భగ్గున వెలిగింది. ఆ వెలుగును కాసేపు చూసి, తర్వాత బండిని చూసి, కొడుకుతో, "ఏం సామీ, నా టార్చిలో కరెంటు తిరిగొచ్చేదానికి ఈ రేకే దారి. నువ్వేమో ఇంత ఇనుము పెట్టుకొని, దారికంతా రబ్బరు అడ్డం పెట్టి ఉండావే" అన్నారు.

మా ఆయన నవ్వారు. నవ్వు ముగిసేలోగా ఆమె కత్తి చట్రం మీద పడింది.

"అమ్మా! కొత్త రంగు!"

"రంగు పోతే పూసుకుంటావు. ఆ పిల్ల మొక్కు ఎన్ని దినాలు నిలబెడతావురా?"

దీపం కింది రబ్బరు తీయించి, అక్కడా బ్యాటరీ దగ్గరా ఇనుము మెరిసేదాకా గీకి, తీగను తాకించమన్నారు. భయపడుతూనే మా ఆయన తాకించారు. ఎదురుగా గోడ మొత్తం పాలు పోసినట్టు తెల్లబడింది. హారన్ నొక్కారు, దీపం చెదరలేదు. ఇంజను ఆగలేదు. ఆ వారమే కొండెక్కాను. స్వామి ముందు నాయన పేరు చెప్పుకున్నాక రెండో దండం అత్తగారికి పెట్టుకున్నాను.

మొన్న వెళ్ళి చూస్తే, ఆమె గీకిన చోట్లను మేనల్లుడు గాయాలనుకొని, శుభ్రంగా పూడ్పించి, పైన రంగు కొట్టించాడు. పూజపెట్టెలోంచి ఆ కత్తిని తీసుకొనే వెళ్ళాను. "అత్తా, వద్దు! రంగు!" అని వాడు అరిచాడు. కుర్చీలో కూర్చున్న మా ఆయన గబుక్కున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు మాత్రం ఊగుతూనే ఉంది. గీకాను, దీపం వెలిగింది.

వాడు వెలుతురుకు పట్టుకున్న టార్చి ఫోనులోది. అది ఆరితే తిప్పి తీయడానికి మూత లేదు, గీకడానికి తుప్పూ లేదు, కొత్తది కొనుక్కోవడమే. ఆరిపోయినదాన్ని విప్పి చూసే చేతులు మన ఇళ్ళలో తగ్గిపోయాయి. మీ ఇంట్లో ఎక్కడైనా పాత రేకు టార్చి ఉంటే, అది వెలిగినప్పుడు ఒక్క క్షణం మా అత్తగారిని తలచుకోండి. ఆమెకు అక్షరాలు రావు, ఇప్పుడు ఉండి ఉన్నా నేను రాసిన ఈ మాటలు చదవగలిగేవారు కాదు. మీరు చదివారు, అది చాలు.