డ్రైవర్ అన్న గడిలో

కారు మా బాపుది. ఛత్రినాకలో గాజుల దుకాణమూ బాపుదే. నాదంటూ ఉన్నది డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే, అదీ మూడో ప్రయత్నంలో వచ్చింది. అయినా కారుకు బీమా ఉంది, నాకు ధీమా ఉంది.

బాపు కంటికి శుక్లం ఆపరేషన్ అయిన నాలుగో రోజు. డాక్టర్‌కు చూపిద్దామని గల్లీలోంచి కారు వెనక్కి తీస్తున్నాను. బాపు నల్లద్దాలు పెట్టుకొని పక్క సీట్లో కూర్చుని, సరుకు తెచ్చే ట్రాలీకి చెప్పినట్టే "రానీ, రానీ" అంటున్నారు. నేను అద్దం చూడకుండా ఆయన మాట విన్నాను. ముప్పై నాలుగేళ్లలో ఈ కూతురు బాపు మాట విన్నది ఆ ఒక్కసారే. ఆగి ఉన్న ఖాళీ ఆటో లైటు పగిలింది, మా డిక్కీ సొట్టపోయింది. ఆటో అన్నకు ఆ సాయంత్రమే కొత్త లైటు వేయించాం.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పనిచేసే అమ్మాయిల చేతిలో గాజులు పగిలితే, కొనడానికి వచ్చినవాళ్లు మొహం చిట్లించేలోపే బాపు "నాతోనే పగిలినయమ్మా" అంటారు. గల్లా దగ్గర కూర్చున్న మనిషి ఎదురుగోడ దగ్గరి గాజుల్ని ఎలా పగలగొట్టారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రెండు రోజులకు బీమా కంపెనీ సర్వేయర్ మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. డిక్కీ ఫోటోలు తీసుకుని, క్లెయిమ్ ఫారం తెరిచి, ఆటోకు తగిలినప్పుడు బండి ఎవరు నడిపారని అడిగాడు.

"నేనే నడిపిన," అన్నారు బాపు.

సర్వేయర్ పెన్ను ఆగింది. నల్లద్దాల కింద నుంచి కంటి చుక్కల మందు బాపు చెంప మీదికి కారుతోంది.

ఫారంలో అబద్ధం రాస్తే క్లెయిమ్ మొత్తం పోతుందని నాకు తెలుసు. పాలసీ వెనక ఏముందో చూసే అలవాటుంది నాకు, కారు వెనక చూసే అలవాటే లేదు. కానీ నిజం చెబితే షెడ్డులో అందరి ముందూ బాపు మాట పోతుంది.

"నడిపింది నేను సార్," అన్నాను చివరికి.

"నువ్వు సప్పుడు చెయ్యకు బిడ్డా. బండి నా పేరు మీదుంది."

సర్వేయర్ నా లైసెన్స్ అడిగి తీసుకుని, గడువు తేదీ చూశాడు.

"పెద్దాయనా, బీమా ఉన్నది బండికి. మీరు చాబీ ఇచ్చిన్రు, ఆమెకు లైసెన్స్ ఉంది, ఇగ ఫికర్ ఏంది? ఈ కంటితోని మీరే నడిపిన్రని రాస్తేనే లొల్లి. ఆటో ఆయన కేసు వేసుంటే నోటీసు మీకు గూడ వస్తుండె, ఓనర్ మీరే గదా."

ఆ ఆఖరి మాట బాపుకు నచ్చింది. నన్ను డ్రైవర్‌గా రాయనిచ్చారు. సర్వేయర్ రాయడం అయ్యాక అడిగారు.

"మరి రానీ రానీ అన్నది నేను. అది ఏడ రాయాలె?"

సర్వేయర్ ఫారం అటూ ఇటూ తిప్పి నిజంగానే వెతికాడు. అలాంటి గడి లేదు. బాపు ఓనర్ సంతకం చోట పూర్తి పేరు రాసి, కింద రెండు గీతలు గీశారు.