మాస్టారు బిగించిన పెరటి దీపం

పక్కింటి మాస్టారు పోయారని సోమవారం పొద్దున్నే కబురొచ్చింది. భీమవరం ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తున్నారట. మా అమ్మ చేతిలోని చేట కింద పెట్టి, "మొన్న కూడా మాట్లాడారు కదరా," అంది.

ఆయన ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన గురించి చెప్పాలంటే మా పెరటి దీపం గురించే చెప్పాలి.

నాలుగేళ్ల క్రితం అమ్మ పెరటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. నడక తిరిగొచ్చింది గానీ ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి గోడ మీద. చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే నన్ను లేపాలి. లేపడం ఇష్టంలేక సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు, మాస్టారికి చెప్పింది. ఆయన కూడా పని పూర్తయ్యాకే నాకు చెప్పారు.

వారంలో ఒక పెట్టె తయారుచేసి గుమ్మం పక్కన బిగించారు. అందులో రెండు సెన్సర్లు. ఒకటి ఒంటి వేడి కదిలితే పసిగడుతుంది. రెండోది లైట్ సెన్సర్, పగలు దీపం వెలగకుండా ఆపుతుంది. దాన్ని కరెంటు కొలిచే మీటరుకు తగిలించి వేలితో మూశారు. ముల్లు పడిపోయింది. వేలు తీస్తే లేచింది.

"రాత్రయిందని దీనికి తెలీదండి. వెలుగు తగ్గితే దీన్లో కరెంటు పారడం తగ్గుద్ది. దీనికి తెలిసిందల్లా అంతే," అన్నారు. చిన్నవాణ్నయినా నన్ను అండీ అనే పిలిచేవారు.

మొదటి సాయంత్రం దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి అల్లరిచేసింది. "తన వెలుగు చూసుకుని తెల్లారిందనుకుంటోంది," అని దీపానికీ సెన్సరుకీ మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టారు.

ఆ దసరాకి కుట్టుమిషనుకీ గ్రైండరుకీ పెట్టినట్టే అమ్మ ఆ పెట్టెకీ పసుపు రాసి బొట్టు పెట్టింది, సరిగ్గా లైట్ సెన్సర్ మీద. పట్టపగలు ఎవరు నడిచినా దీపం వెలగసాగింది. మాస్టారు వచ్చి చూశారు.

"కంటికే పెట్టేశావేంటి, చెల్లెమ్మా?"

"గుండ్రంగా ఉంటే బొట్టుకే చోటు వదిలారనుకున్నానండీ, అన్నయ్యగారూ."

ఆయన తడిగుడ్డతో తుడిచి, "కాస్త కింద పెట్టు. మానెయ్యొద్దు," అన్నారు. ఆవిడ మళ్లీ బొట్టు పెట్టేదాకా నిలబడి వెళ్లారు.

ఈ నాలుగేళ్లలో అమ్మ నన్నొక్కసారీ లేపలేదు. రాత్రి అన్నం తిన్నాక చెంబెడు నీళ్లు తాగుతుంది. అది ఆయన చలవేనని నేనెప్పుడూ ఆయనతో నోరు తెరిచి అనలేదు.

శ్మశానం నుంచి వచ్చి, కాలువలో స్నానం చేసి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అమ్మ పెరట్లోకి వెళ్తోంది. దీపం వెలిగింది. ఆవిడ బట్టలుతికే రాయి మీద కూర్చుంది. కదలిక లేకపోతే రెండు నిమిషాలకు దీపం ఆరిపోతుంది. ఆరిపోయింది. నేను గుమ్మంలోకి వెళ్తే మళ్లీ వెలిగేదే. వెళ్లలేదు.