వెనక్కి తిప్పిన గడియారం

కూతురి కాన్పుకని ప్రొద్దుటూరు నుంచి చెన్నై వెళ్లి, మొదటిసారి కువైట్ విమానం ఎక్కాను. టికెట్టు మీద బయలుదేరే టైముకీ చేరే టైముకీ రెండు గంటలే తేడా. అందుకే షుగర్ మాత్ర వేసుకున్నా, కూతురింట్లో తినొచ్చులెమ్మని విమానంలో తిండి అమ్మకానికి వస్తే వద్దన్నాను.

రెండు గంటలు దాటినా విమానం దిగలేదు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి.

"దారి తప్పినామా ఏంది పాపా?" అని పక్క సీట్లోని షాహీన్‌ను అడిగాను. కువైట్ ఇళ్లలో పనిచేసే జమ్మలమడుగు అమ్మాయి.

"లేదు పిన్నమ్మా. ఆడి టైము మనకంటే రెండున్నర గంటలు ఎనక. ఇంకా సగం దూరముండాది. ముందు ఇది తిను."

మళ్లీ రెండేళ్లకు గానీ ఊరికి రాదట. వాళ్లమ్మ కట్టిచ్చిన బొరుగుల ఉండ విరిచి నా నోట్లో పెట్టింది.

దిగాక నా వాచీ వెనక్కి తిప్పిందీ ఆమే. ఆ తిప్పిన గంటలు ఆమె నాకిచ్చినవేనని ఇప్పటికీ అనుకుంటాను.