బటన్ల ఫోనులో పసిదాని మొకం

నాది బటన్ల ఫోను. వాట్సాప్ గూడ వస్తది. కింద పడ్డా పగలదు, ఒక్కసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు నడుస్తది. పెద్ద ఫోన్లు దండుగ అని ఇంట్ల అందరినీ తిడుతాంట.

ఒకసారి తొర్రూరు నుంచి వరంగల్ పోతాంటే, బస్సుల నా పక్కన పత్తి ఏరే ఆమె కూసున్నది. ఆమె టచ్ ఫోను మోగింది. పత్తికాయల మొనలు గీరీ గీరీ ఆమె వేళ్లు మొద్దుబారినయి. తెర మీద వేలు ఎంత రుద్దినా ఫోను ఎత్తుడు కాలేదు.

"బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నదవ్వా, అల్లుడు చేస్తాండు" అని ఏడ్వబట్టింది.

"ఏడిస్తె ఎత్తుడైతదా? నంబరు చెప్పు" అన్న.

ఫోను కవరుల దాచిన చీటీ తీసిచ్చింది. నా ఫోనుల నేనే బటన్లు నొక్కి ఇచ్చిన. ఆడపిల్ల పుట్టిందట, తల్లీపిల్లా బాగున్నరట.

అల్లుడు నా ఫోనుకే ఫొటో పంపిండు. అగ్గిపెట్టెంత తెరల పసిదాని మొకం చింతగింజంత ఉన్నది. ఆమె కంటికి ఆనించుకొని చూసింది.

"కనపడుతాందా?"

"ముక్కు మాదే అవ్వా" అని నవ్వింది.

ఇంకింత పెద్ద తెర ఉంటే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

ఆ పిల్ల పేరు నాకు తెల్వదు. ఫోను నిండినప్పుడల్లా మావోళ్ల ఫొటోలే తీసేస్తాంట. దాని ఫొటో మాత్రం తీసెయ్యలే.